ఆపిన రక్తమంతా పోతోందనుకున్నారు

ఆపరేషన్ గౌను తొడిగి, చేతికి సెలైన్ సూది పెట్టాక మా చెల్లె స్ట్రెచర్ మీద నుంచి కాళ్లు కిందికి దించింది. కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రి, పొద్దున పూట. నర్సు పడుకోమంటున్నా వినకుండా నా భుజం పట్టుకుంది. ఆమె అరచేయి చల్లగా, పాలిపోయి ఉంది. దిగమని చెప్పింది నేనే.

ఫోన్ రాగానే జగిత్యాల నుంచి బస్సెక్కి వచ్చాను. పత్రికలో జిల్లా డెస్క్ చూసిన రోజుల్లో ప్రతి వార్తలోనూ ‘ఎందుకు’ అన్నది ఉందా అని వెతకడం అలవాటైంది. గర్భసంచి ఎందుకు తీస్తున్నారని డాక్టర్‌నూ అడిగాను. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని, క్యాన్సర్ కావచ్చని అన్నాడు. పొరలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా అంటే, “సంచి తీశాక ఎలాగూ పంపుతాం కదమ్మా” అన్నాడు. రక్తం బాగా తక్కువుందట, బల్ల మీదే ఎక్కిస్తారట. నిజంగా క్యాన్సరే అయితే, ఆపరేషన్ ఆపించి నేనే ఆమె ప్రాణం మీదికి తెస్తున్నానేమో.

చెల్లె ఉండేది సిరిసిల్లలో. ఆమె భర్త, మా మరిది, మరమగ్గాల మీద పనిచేస్తాడు, ఆమె బీడీలు చుడుతుంది. బతుకమ్మ దగ్గర పడితే ఆ వాడలో ఎవరో ఒకరు మెడికల్ షాపుకు వెళ్లి నెలసరి ఆపే గోలీలు నలుగురికీ కలిపి తెస్తారు. డాక్టర్ చీటీ ఎవరూ అడగరు. ఆ ఏడాది చెల్లె బతుకమ్మకు వేసుకుంది. ఆడబిడ్డ కూతురి పెళ్లికి మళ్లీ వేసుకుంది. కొండగట్టు మొక్కు తీర్చడానికి పోతూ ఇంకోసారి.

తర్వాత మొదలైన రక్తస్రావం ఆగలేదు. గడ్డలు పడ్డాయి. పెట్టుకున్న బట్ట దాటి చీర తడిసేది. వాడలో ఎవరూ భయపడలేదు. గోలీలతో ఆపిన రక్తమంతా ఇప్పుడు పోతోందని, పోతేనే ఒళ్లు తేలికవుతుందని అందరి నమ్మకం. “డ్యాము గేట్లు మూసి మూసి ఇప్పుడెత్తినవ్, పోనియ్యే” అని పక్కింటామె ఎగతాళి చేస్తే చెల్లె కూడా నవ్విందట. ఆయాసం వచ్చినా, బీడీ ఆకు కత్తిరిస్తుంటే కళ్లు తిరిగినా పొగాకు వేడి అనుకుంది. నల్లా దగ్గర బిందె ఎత్తబోయి పడిపోయాక కోరుట్ల నుంచి ఆడబిడ్డ వచ్చి, తనకు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికే తీసుకొచ్చింది. చెల్లె మంచి కోరే తెచ్చింది. “నాది తీసేసిన్రు, నాకేమైంది? పిల్లలైపాయె, ఇంకెందుకది?” అన్నది నాతో.

మరిది మాత్రం గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

“వదినె, రేపేమన్నైతే ఎవల్ని అడగాలె?”

చెల్లే అన్నది, “తీసుడే అయితే తీయనియ్యక్కా. గని నాకేమైందో తెలిసినంక తీయమను.”

అట్నుంచటే జగిత్యాలకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ ముందు రక్తం ఎక్కించింది, తర్వాత ముక్క తీసి పరీక్షకు పంపింది. గోలీలు రక్తాన్ని లోపల నిల్వ చేయవని, గడ్డలు పడినా, ఆగకుండా పోయినా, నెలసరికీ నెలసరికీ మధ్య కనిపించినా వెంటనే చూపించుకోవాల్సిందేనని చెల్లెకు విడమరిచి చెప్పింది. ఫలితం వచ్చేదాకా చెల్లె మా ఇంట్లోనే ఉంది. స్నానాల గది తలుపు చప్పుడైతే చాలు, చేతిలో పని ఆపి వినేదాన్ని. ఆమె మామూలుగా బయటికొచ్చి, నా మొహం చూసి తనే బెదిరేది.

క్యాన్సర్ లేదని వచ్చింది. కానీ పొర అంత మందం కావడం మామూలు విషయం కాదని, కొన్ని నెలలు మందులు వాడి మళ్లీ ముక్క తీయాలని డాక్టరమ్మ చెప్పింది. తగ్గకపోయినా, కణాలు మారినా అప్పుడు ఆపరేషన్ తప్పదు. మందు చేతికివ్వగానే చెల్లె నా వైపు తిరిగింది.

“మల్ల గోలీలేనానె అక్కా?”

ఈసారివి డాక్టర్ రాసి, లెక్క చూసి ఇచ్చినవని నచ్చజెప్పాను. వాడింది. రక్తస్రావం తగ్గింది, పూర్తిగా ఆగలేదు. పోయిన వారం రెండో ముక్క తీసి పంపారు. ఫలితం ఇంకా రాలేదు.