ఓబులేసు కుర్చీ, నేను రాసిన వాక్యం

2022. తాడిపత్రి బస్టాండు వెనక మేడ మీద స్పోకెన్ ఇంగ్లీషు నేర్పేవాణ్ణి. ఇప్పటికీ అదే పని. పుస్తకాల్లోని ఉదాహరణలు మా పిల్లలకు ఎక్కవని, ఊరి మనుషుల్నే వాక్యాల్లో పెట్టి జిరాక్స్ తీసి పంచేవాణ్ణి. ఆ అలవాటే నా చేత ఒక తప్పు చేయించింది.

ఆరోజు cushy అనే విశేషణం చెప్పాను. పలకడం 'కుషీ'. శ్రమ తక్కువ, సుఖం ఎక్కువ ఉన్న ఉద్యోగానికి వాడతారు. ఇన్‌ఫార్మల్ మాట, అంటే స్నేహితుల మధ్య చెల్లుతుంది, దరఖాస్తులో చెల్లదు. మన ఖుషీయే ఇంగ్లీషులోకి వెళ్ళి ఇలా అయిందంటారు. అందులో కాస్త అసూయ కూడా ఉంటుంది. ఉదాహరణ: "బండల పాలిష్ ఫ్యాక్టరీ గేటు దగ్గర కుర్చీలో కూర్చునే వాచ్‌మన్‌ది కుషీ ఉద్యోగం." క్లాసంతా నవ్వింది. రేణుక అనే అమ్మాయి మాత్రం నవ్వలేదు.

మరునాటి నుంచి ఆమె రాలేదు. ఆ వారంలోనే అనంతపురంలో ఒక ఆసుపత్రి రిసెప్షన్‌కు ఆమె ఇంటర్వ్యూ. వస్తే, వాళ్ళింట్లో నీడపట్టున చేసే మొదటి ఉద్యోగం. క్లాసులో ఆమె స్నేహితురాలిని అడిగితే, "ఆ గేటు కాడ ఉండేది వాళ్ళ నాయనే సార్" అంది.

మధ్యాహ్నం ఫ్యాక్టరీకి వెళ్ళాను. నేనెవరో చెప్పగానే రేణుక తండ్రి ఓబులేసు నవ్వాడు.

"రాండి సార్! ఇంగ్లీషులోకెక్కిన కుర్చీ ఇదే. కూసోండి."

"నువ్వు కూర్చో అన్నా. తెలీక రాసినా."

"మీకు యాడ తెలుస్తాది లే సార్. వయసంతా పాలిష్ మిషన్ కాడే నిలబడినా. రాతిదుమ్ము రొమ్ములోకి పోయింది. నాలుగడుగులేస్తే ఆయాసం. అప్పుడిచ్చినారు దీన్ని." ఊపిరి తీసుకుని మళ్ళీ నవ్వాడు. "మాకైతే మీదే కుషీ సార్. ఫ్యాను కింద మాటలు చెప్పేదే కదా!"

నా గొంతునొప్పి, తెల్లవారుజాము బ్యాచీలు, కాళ్ళవాపు చెప్పబోయాను. ఆయన ఛాతీ ఇంకా ఎగసిపడుతూనే ఉంది. కుర్చీని ఆయన వైపు జరిపాను.

అప్పుడే రేణుక క్యారియర్ తెచ్చింది. "తప్పు నాదేమ్మా. క్లాసుకు రా" అన్నాను.

"నాకు చెప్తే ఏమొస్తాది సార్? కాగితంలో మార్చండి. మా ఎనక వచ్చేటోళ్ళూ అదే చదువుతారు కదా."

"ఏం పాపా, సార్‌తో అట్లేనా మాట్లాడేది?" అన్నాడు ఓబులేసు. మందలింపులో మురిపెమే ఎక్కువ వినిపించింది.

సాయంత్రమే మార్చాను: "ఫ్యాను కింద పాఠం చెప్పే మాస్టారిది కుషీ ఉద్యోగం." మరునాడు రేణుక వచ్చి అది గట్టిగా చదివి, ఈసారి అందరికంటే ముందు నవ్వింది.

"మా నాయన ఆపొద్దు అన్నది ఎగతాళికే సార్, ఇది ఒప్పుకోడు. దినమంతా నిలబడేటోనిది కుషీ ఎట్లయితాది అంటాడు."

ఆసుపత్రి ఉద్యోగం రేణుకకే వచ్చింది. నాకు తెలిసొచ్చింది ఇదీ: ఈ మాటను ఎవరూ తమ పనికి వాడుకోరు. ఎదుటివాడి పనికే వాడతారు, అదీ దూరం నుంచి చూసి. నా పాత జిరాక్సులు ఊళ్ళో ఇంకా తిరుగుతున్నాయి. మీ చేతికొస్తే ఆ వాక్యం కొట్టేయండి. ఓబులేసుకు ఆ కుర్చీ ఊరికే రాలేదు.