దాపటి ఎద్దుకు చెప్పిన మాట

దండాసి చేతులు కాడి కింద ఉన్నాయి. ఎడమ చేత్తో ఎర్రెద్దు గంగడోలు నిమురుతూ, కుడిచేతి వేళ్ళను కాడికీ మెడకీ మధ్య సందులోకి తోశాడు. రెండు వేళ్ళు దూరాలి, మూడోది ఆగిపోవాలి. రెండే దూరాయి. సీల బిగించి, తెల్లెద్దు వైపు వెళ్ళి అదే పని మళ్ళీ చేశాడు.

బర్మాలో ట్వంటే కాలవ పక్క పల్లె అది. వరి కోతలు అయిపోయి పొలాలు గట్టిపడ్డాయి. పొద్దుటి మంచు ఇంకా మోళ్ళ మీదే ఉంది. నాలుగు వారాల్లో, ప్యాథో నెల పున్నమికి, ఆ మోళ్ళలోనే ఎడ్లబండ్ల పందెం. రెండు బండ్లు పక్కపక్కన, తాళ్ళు కట్టిన బాటల్లో తిన్నగా ఒక్క పరుగు తియ్యాలి. బాట దాటిన జత ఎంత ముందున్నా ఓడినట్టే.

దండాసి ఉండేది యాంగోన్‌లో, బోటాటౌంగ్ రేవు దగ్గర. గోదాములో బస్తాలు మోయించే మేస్త్రీ. తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో కూలి చేశాడు. తండ్రి రేవు నుంచి చౌక్తడా పేట కొట్లకు ఎడ్లబండి తోలాడు. ఊళ్ళో బండ్లు పోయాక ఎడ్లూ పోయాయి, ఆ పని తెలిసిన చేతులూ పోయాయి. దండాసికి ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. తండ్రి చేసింది చూసి కొంత, తను పాడుచేసుకుని కొంత నేర్చుకున్నాడు. ఈమధ్య డీజిలు దొరకడం కష్టమయ్యాక పల్లెల్లో బండ్లు మళ్ళీ బయటికొచ్చాయి. వాటి వెనకే పందేలూ వచ్చాయి. అప్పట్నుంచి ఏటా చలికాలంలో గోదాముకు సెలవు పెట్టి, పడవలో నది దాటి, బస్సెక్కి, పందెపు ఎడ్లను తయారుచెయ్యడానికి ఇటు వస్తాడు.

ఈసారి పిలిచింది డో సాన్ యీ. కుండలు చేసే మనిషి. భర్త వానలకు ముందు పోయాడు. ఆయనకు కుడిచెయ్యి చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డప్పట్నుంచి పట్టు లేదు. పగ్గాలు లాగలేడు కనక ఎడ్లకు మాట నేర్పాడు.

"నువ్వు తిప్పక్కర్లేదు, ఊ దండాసీ," అని, పేరు ముందు బర్మా మర్యాద ‘ఊ’ చేర్చి, మొదటి రోజే చెప్పింది ఆమె. "న్యా అంటే కుడికి, బే అంటే ఎడమకి. అంతే."

కుడి, ఎడమలకు ఎవరైనా అనే బర్మా మాటలే అవి.

"మరి ఆగమనడానికి?"

"మా ఆయన కిళ్ళీ ఉమ్మితే ఆగేవి. అది నీకు నేర్పక్కర్లేదనుకుంటా."

ఆయన పోయాక జత ఆరు నెలలు కొట్టంలోనే ఉండిపోయింది. ఆమె తమ్ముడు కో తాన్ తోలబోతే పగ్గాలు గట్టిగా లాగేశాడు. అవి బెదిరి నిలబడిపోయాయి. ఆ కో తానే ఒకరోజు ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడో మంచు దేశంలో పన్నెండు కుక్కలు చక్రాల్లేని బండిని లాగుతున్నాయి. వెనక నిలబడ్డ మనిషి చేతిలో పగ్గమే లేదు.

"మా బావ కూడా ఇంతే," అన్నాడు కో తాన్. దండాసి మూడుసార్లు వేయించుకుని చూశాడు.

మొదటి వారం ఖాళీ బండితో నడక. రెండో వారం బండిలో ఇసుక వేసి నడక, తర్వాత దుడుకు, అంటే చిన్న పరుగు. పని అయ్యాక మెడలకు పసుపూ నూనే రాసేవాడు. ఒళ్ళు చల్లారేదాకా నీళ్ళ దగ్గరికి పోనిచ్చేవాడు కాదు. నువ్వుల చెక్క నానబెట్టి పెట్టేవాడు, పొద్దున పేడ చూసి ఆ రోజు ఎంత తోలాలో లెక్క కట్టేవాడు. జత బాగా వచ్చింది. అడుగులు కలిశాయి. మలుపు దగ్గర ‘బే’ అంటే ఎర్రది ముందు తిరిగేది, తెల్లది దాన్ని అనుసరించేది. ఎడమవైపు కట్టే దాపటి ఎద్దు పని అదే మరి.

ఆ వారం చివర పరుగు మొదలైంది. ఇసుక దింపి వదిలాడు. గాలి చెవుల్లో మోగింది.

"అద్దీ! పద బే! భలే బే!" అని అరిచాడు దండాసి.

ఎర్రది ఎడమకు లాగింది. బండి తాడు దాటి పక్క మడిలోకి పోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. నడకలో తిన్నగా పోతుంది, దుడుకులో పోతుంది, పరుగు అందుకుని ఇక బాగుందిరా అనుకునేసరికి ఎడమకు పోతుంది. దండాసి గిట్టలెత్తి ముల్లు కోసం చూశాడు. కాడిని దాపటి వైపు బాడిసతో పలచగా చెక్కాడు. ఇరుసు విప్పి మళ్ళీ బిగించాడు. ఎద్దులను అటూ ఇటూ మార్చి కట్టాడు. కుడివైపు, వలపటికి వచ్చినా ఎర్రది తెల్లదాన్ని తోసుకుంటూ ఎడమకే పోయింది. ముకుతాడు గుంజి మందలించాడు. అది తల వంచుకుని నిలబడింది.

డో సాన్ యీ చక్రం దగ్గర్నుంచి లేవకుండానే తీర్పు చెప్పింది.

"మా ఆయనతోనే దాని బుద్ధి పోయింది. పున్నమికి మూడు రోజుల ముందు పశువుల బేరగాడు వస్తాడు. ఆ పాటికి తిన్నగా పోకపోతే ఎర్రదాన్ని తోలుకుపొమ్మంటాను."

"పందెం లేకపోతే మానె. బండికి పనికొస్తుంది కదా."

"కాలవ గట్టు ఎటువైపుందో చూశావా? ఎడమవైపు. కుండల బండి అందులో పడితే నా ఏడాది అందులో పడినట్టే. పని చెయ్యని ఎద్దుకు గడ్డెక్కడ తెచ్చేది?"

ఆమె గొంతు గట్టిగానే ఉంది గానీ చేతిలో కుండ అంచు వంకరపోయింది. బేరగాడి లారీ తూర్పు సరిహద్దుకు పోతుందనీ, అక్కడికి పోయిన ఎద్దు మళ్ళీ నాగలి చూడదనీ ఇద్దరికీ తెలుసు.

మూడో వారంలో దండాసికి మంచు పడక గొంతు పూర్తిగా పూడుకుపోయింది. పొద్దున మాట రాలేదు. పని మానడం ఇష్టంలేక కాడి కట్టాడు. ఎడ్లు ఎదురుగాలిలో పరుగందుకున్నాయి. ఆ చివరి దాకా, తాడు తగలకుండా, గీత గీసినట్టు పోయాయి.

సాయంత్రం ఇంటికి ఫోను చేశాడు. భార్య సింహాచలమ్మ ఎత్తింది.

"ఏటి, గొంతు అలగుంది?"

"మంచు కొట్టింది," అన్నాడు గుసగుసగా. "మాట రావట్లేదు."

"రాపోతే మంచిదే. ముప్పై ఏళ్ళ బట్టి అమ్మోరికి అదే మొక్కుతున్నాను."

"ఎర్రోడు ఇయ్యాల తిన్నగా ఎల్లాడే."

"చూసినావా! నీ నోటికి ఎద్దు కూడా బయపడతంది."

దండాసి నవ్వాడు. కాడి చెక్కింది పనిచేసిందనుకున్నాడు. రెండు రోజుల తర్వాత గొంతు తెరుచుకుంది. "అలగే బే, పద బే!" అన్నాడు సంతోషంగా. ఎర్రది మడిలోకి పోయింది.

బండి అక్కడే వదిలేసి గట్టు మీద కూర్చున్నాడు. పాడైన పనిని మొదట్నుంచీ విప్పుకుంటూ రావడం తప్ప అతనికి ఇంకో విద్య తెలియదు. కాడి అదే, ఇరుసు అదే, ఎద్దు అదే. ఆ రోజు లేనిదీ ఈ రోజు ఉన్నదీ ఒకటే, తన గొంతు. ఫోనులో చూసిన మంచు దేశపు మనిషి గుర్తొచ్చాడు. వాడు దారంతా నోరు మూసుకునే ఉన్నాడు. మలుపు దగ్గరే ఒక్క మాట.

దండాసి లేచి ఎర్రెద్దు పక్కకు వెళ్ళాడు. పగ్గం ముట్టుకోలేదు. మామూలు గొంతుతో, "భలే బే," అన్నాడు.

ఎర్రెద్దు ఎడమ చెవి కదిలింది. ఎడమ ముంగాలు పక్కకు జరిగింది. జరిగి, మళ్ళీ వెనక్కి వచ్చింది, తిట్టు పడుతుందేమోనని చూస్తున్నట్టు.

బోటాటౌంగ్ రేవులో తెలుగు కూలీలూ హిందూస్తానీ కూలీలూ మూడు తరాలు ఒకే బస్తాకు రెండు వైపులా భుజం పట్టారు. వాళ్ళ ‘అబే’ వీళ్ళ నోట్లో ‘బే’ అయింది. ఎత్తు బే, దించు బే, తిను బే. తిట్టు కాదు, చనువు. దండాసి తండ్రి నోట్లో ప్రతి మాట తోకకూ అదే. దండాసికీ అదే వచ్చింది. పుట్టినప్పట్నుంచి బర్మా మాట్లాడుతున్నాడు, తెలుగు మాట్లాడుతున్నాడు. మలుపు దగ్గర అనే ‘బే’, సంతోషంలో అనే ‘బే’ అతనికి ఎన్నడూ ఒకటిగా వినపడలేదు. ఇది అన్నప్పుడు అది గుర్తుండదు. ఎద్దుకు ఉన్నది ఒక్కటే ‘బే’. అది మాట విన్నది. విన్నందుకే తను ముకుతాడు గుంజాడు.

చేతులు కూడా కడుక్కోకుండా డో సాన్ యీ దగ్గరికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"తప్పు ఎద్దుది కాదు. నాది."

ఆమె చక్రం ఆపింది. తర్వాత నవ్వు మొదలైంది. మట్టి చేత్తో నోరు మూసుకుంటే బుగ్గంతా మట్టయింది.

"అంటే పదిరోజులుగా ఎడమకు పొమ్మని నువ్వే చెప్పి, పోయినందుకు నువ్వే కొడుతున్నావా?"

"కొట్టలేదు. గుంజాను."

"పాపం, ఏమనుకుందో! మా ముసలాడే నయం, ఉమ్మేవాడు గానీ మాట మార్చేవాడు కాదు అనుకుని ఉంటుంది." కళ్ళు తుడుచుకుని మళ్ళీ గట్టిపడింది. "సరే. చూశాక నమ్ముతాను. బేరగాడు నాలుగు రోజుల్లో వస్తున్నాడు."

కో తాన్ ఒక ఉపాయం చెప్పాడు. "ఎడమకు ఇంకో మాట నేర్పేస్తే పోలా?"

దండాసి తల అడ్డంగా ఊపాడు. "మీ బావ ఒంటిచేత్తో చేసిన పని ఇది. బాగా చేశాడు. నా అలవాటు కోసం దాన్ని చెరపను. నోరు మార్చుకోవాల్సింది నేను."

చెప్పినంత తేలిక కాలేదు. యాభై నాలుగేళ్ళ నోరు అది. మొదటి రోజు రెండుసార్లు జారాడు. మర్నాడు బుగ్గలో పెద్ద తాటిబెల్లం ముక్క పెట్టుకుని బండెక్కాడు. కరిగేదాకా మాట రాదు, కరిగేలోపు పరుగు అయిపోతుంది. కానీ అసలు పని వేరే ఉంది. విన్నందుకు మందలింపు పడ్డ ఎద్దు ఇప్పుడు నిజమైన మలుపు దగ్గర కూడా తటపటాయిస్తోంది. అందుకని ప్రతి మలుపు దగ్గరా బండి దిగి, పక్కన నిలబడి, స్పష్టంగా ఒక్కసారి ‘బే’ అని, అది తిరగగానే మూపురం కింద గోకేవాడు. మాట లేదు, చెయ్యే మెచ్చుకోలు. ఒక రోజంతా పరుగే లేదు, మలుపులే. మూడో రోజు మధ్యాహ్నానికి ఎర్రది వెనక్కి చూడకుండా తిరిగింది. ఎద్దు మన్నించడం అంటే ఇదేనేమో దండాసికి తెలియదు. మాటకీ పనికీ మళ్ళీ లంకె పడింది. అంతవరకు తెలుసు.

చెప్పిన రోజే బేరగాడు వచ్చాడు. లారీ రోడ్డు మీదే ఆపి, గట్టు మీద గొంతుకూర్చున్నాడు. డో సాన్ యీ పక్కన నిలబడింది.

పందెంలో తోలేది కో తాన్ కనక పగ్గాలు అతని చేతికే ఇచ్చాడు దండాసి. "పగ్గం వదులుగా పట్టుకో. చివర వెనక్కి తిరిగే మలుపు దాకా నోరు తెరవకు. అక్కడ ఒక్క మాట, ఒక్కసారే."

"గెలిచేలా ఉంటే?"

"అప్పుడు అసలే తెరవకు."

తను మాత్రం దూరంగా జరిగాడు. బండి మీద తను లేకుండా అది పోతుందో లేదో చూడాలి.

జత కదిలింది. నడక, దుడుకు, పరుగు. కో తాన్ మెడనరాలు ఉబ్బాయి గానీ పెదవులు విడలేదు. ఎర్రది, తెల్లది తలలు ఒకే ఎత్తులో, తాళ్ళ మధ్య తిన్నగా ఆ చివరి గుంజ దాకా పోయాయి. అక్కడ కో తాన్ గొంతు సన్నగా వినిపించింది. ఎర్రది ఎడమకు తిరిగింది, తెల్లది వెంట వచ్చింది. వచ్చిన బాటలోనే వెనక్కి వచ్చాయి.

బేరగాడు లేచి లుంగీ దులుపుకున్నాడు. "పోనీ ఆ తెల్లది ఇస్తావా?"

"లారీ రోడ్డుకు అడ్డంగా పెట్టావు. తియ్యి ముందు," అంది డో సాన్ యీ.

దండాసి కాడి దించాడు. రెండు మెడలూ తడిమి, ఒరుపు లేదని చూసుకున్నాడు. పసుపు రాశాడు. ఒళ్ళు చల్లారేదాకా నడిపించి, నీళ్ళు పెట్టి, పెరట్లోకి తోలుకొచ్చాడు.

"పందెం చూసి వెళ్ళు," అంది ఆమె.

"రేపు పొద్దున గోదాము తెరవాలి. పందెం ముందు రోజు పరుగు పెట్టకండి, నడకే. చెక్క సగమే నానబెట్టండి."

"సరే. ఇంకేమైనా ఉందా?"

"లేదు. అయింది."

ముందు తెల్లెద్దు పలుపు, తర్వాత ఎర్రెద్దు పలుపు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె రెండూ కలిపి పట్టుకుని కొట్టం వైపు నడిచింది. జత ఆమె వెంట వెళ్ళింది.