దూలం సందులో పిల్లలు

పెనుకొండలోని మా ఇంటి వెనక గోడకు గబ్బిలాలు ఉండటానికి నేను తగిలించిన చెక్కపెట్టె కింద, పొద్దున్నే రాలిన నల్లటి రెట్ట ఊడుస్తుంటే ఆ ఘాటు వాసన గుప్పుమంటుంది. మా ఆయన ముక్కు మూసుకుని లోపలికి పోతాడు. నాకు మాత్రం ధర్మవరంలో మా నాయన మగ్గం గుర్తొస్తుంది. ఈరోజు గోడకు రంగు వేయడానికొచ్చిన మనిషి ఆ పెట్టె అడ్డమంటూ నిచ్చెన వేశాడు.

ధర్మవరంలో అప్పట్లో మాది మట్టిమిద్దె. ఉగాది ఓళిగల నెయ్యి వాసనా, మిద్దె మీద ఎండబెట్టిన మామిడి ముక్కల పులుపూ, మగ్గం మీది కొత్త పట్టు వాసనా కలిసిపోయిన ఆ ఇంట్లో, దూలానికీ గోడకూ మధ్య వేలు పట్టేంత సందులో చిన్న గబ్బిలాలు కాపురముండేవి. దీపాల వేళకు అవి వీధి వైపు ఒక్కొక్కటిగా జారి ఎగిరిపోతుంటే, మేం పిల్లలం కుంటాట ఆపేసి తలలెత్తి చూసేవాళ్లం.

ఆ ఎండాకాలం నాయన హిందూపురం పెళ్లికూతురి చీర నేస్తున్నాడు. సందు లోపలి వైపు నుంచి రెట్ట పడి జరీ అంచు మరకైంది. ఆయనకు ఒళ్లు మండింది. అయినా చంపడానికి చేతులు రాక, సాయంత్రం అవి మేతకు పోయేదాకా కాచుకుని, సందును రెండు వైపులా తడిమట్టితో మూసేశాడు. గూడు ఖాళీ అయిందనే అనుకున్నాం అందరం.

సంగటి ముందు కూర్చున్నామో లేదో, దూలంలోంచి సన్నగా కిచకిచలు మొదలయ్యాయి. బయట గోడకు ఏవో వచ్చి తగులుతున్నాయి. నాయన తల్లి, మా అవ్వ, కంచం పక్కకు జరిపింది.

"పిల్లలు లోపలుండాయప్పా. తల్లులు పాలియ్యను వచ్చినాయి."

నాయన మగ్గం వైపు చూశాడు. తెరిస్తే చీర పాడవుతుంది, పెళ్లి దగ్గరపడింది. తెరవకపోతే, ఆ వేడికి మట్టి అప్పుడే బిగుసుకుంటోంది. నాకు నాయన మీద కోపం, చీర ఏమవుతుందోనని భయం, రెండూ ఒకేసారి. ఇంతలో మోకాళ్లు సరిగ్గా వంగని అవ్వ, ఎవరినీ అడక్కుండా నిచ్చెన జరుపుకుని మెట్టెక్కబోయింది.

"దిగుమ్మా, నేను తీస్తా," అన్నాడు నాయన.

వీధి వైపు మట్టి ముందు తీసి, లోపలి వైపు తీస్తుంటే, పెళ్లలతో పాటు వెంట్రుకలైనా రాని పిల్ల ఒకటి మగ్గం మీద పొడుగ్గా పరిచిన పడుగు దారాల మీద పడింది. నాయన చేతికి గుడ్డ చుట్టుకుని, పట్టు పోగుల్లో చిక్కిన దాని గోళ్లను ఒక్కొక్కటే విడిపించి సందు దగ్గర పెట్టాడు. కాసేపటికి తల్లి వచ్చి వాలింది, పిల్ల దాని పొట్టను కరుచుకుంది.

వెంటనే నాయన రెట్ట పడకుండా తన పాత పంచెను మగ్గం పైన పందిరిలా కట్టాడు. వానలొచ్చి పిల్లలు ఎగరడం నేర్చాక, లోపల కాళ్లు పట్టు దొరికేలా గరుకుగా గీట్లు పెట్టిన రెండు పలకలను వేలెడు ఎడంతో బిగించి, వీధి గోడకు కొట్టాడు. అవి ఆ పలకల మధ్యకు మారాకే పాత సందు మూశాడు. నా పెట్టె కొలతలూ అవే.

ఇప్పుడు అవ్వ లేదు, నాయన లేడు. మిద్దె కూల్చి స్లాబు వేశారు. ఆ వీధి పొడుగునా గబ్బిలం దూరే సందు ఒక్క గోడకూ లేదు. తలచుకుంటే దిగులేస్తుంది.

రంగుల మనిషి పెట్టె పీకడానికి మేకు మీద సుత్తి ఆనించాడు. లోపల్నుంచి సన్నటి కిచకిచ.

"దిగప్పా," అన్నాను. "పిల్లలు లోపలుండాయి."

అతను పెట్టెకు చెవి పెట్టి విన్నాడు. గోడంతా రంగు వేసి, ఆ మూల మాత్రం వానలొచ్చాక వేస్తానని వదిలేసి పోయాడు.