హాలిఫాక్స్ రీలు

హాలిఫాక్స్‌లో ట్రెవర్ ఆక్రాయిడ్ ఎవరని అడిగితే, ఫ్లింట్‌లేన్ బ్యాండు వాళ్ల సౌండు మనిషి కదా అంటారు. ఆ బ్యాండు విడిపోయి నలభై ఏళ్లు దాటింది. గిటారు వాయించిన నెవిల్ ప్రాక్టర్ పోయి పదిహేనేళ్లయింది. బ్యాండు పోయాక ట్రెవర్ ముప్పై ఏళ్లు బళ్లకీ చర్చిలకీ మైకులు బిగించి బతికాడు. ఆ ముప్పై ఏళ్లూ ఊళ్లో ఎవరికీ లెక్కలేదు. వాళ్లకి ఆయన ఇంకా ఆ వ్యానులో తిరిగిన కుర్రాడే.

మాటలు తక్కువ మనిషి. పబ్బులో ఒక్క గ్లాసు బీరు పెట్టుకుని గంటన్నర కూర్చోగలడు. చెవులు మాత్రం పాము చెవులు. అయిదుగురు వాయిస్తుంటే అందులో ఏ తీగ వెంట్రుకవాసి దిగిందో చెప్పేవాడు. అలాంటి చెవులున్నవాడు పెళ్లాం మాట ఒక్కటి నలభై ఏడేళ్లు వినపడనట్టు నటించాడంటే, ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తెలీదు.

బ్యాండుతో తిరిగిన రోజుల్లో ఆయనకి రెండు అలవాట్లుండేవి. ప్రతి కచేరీనీ తన సౌండు బల్ల మీది యంత్రంలో టేపుకి ఎక్కించేవాడు. అంతా అయ్యాక బల్ల మైకు నొక్కి ఊరి పేరూ తేదీ చెప్పి, అప్పుడు ఆపేవాడు. ఇది మొదటిది. రెండోది పెన్సిలు. బాగా కుదిరిన కచేరీ అయితే రీలు పెట్టె మీద టిక్కు, కుదరకపోతే అడ్డగీతలు. తిరిగినన్నాళ్లకీ పన్నెండు రీళ్లే. అడ్డగీతలు పడిన రీలు మీద ఇంకో ఊరి కచేరీ ఎక్కేది. తీర్పు నెవిల్‌ది. "చెత్త" అని ఆయన నోటి నుంచి వస్తే చాలు, ట్రెవర్ చేతిలో పెన్సిలు దానంతటదే కదిలేది.

డోరీన్ తివాచీల మిల్లులో పనిచేసేది. ఆదివారాలు చర్చిలో పాడేది. డెబ్బై ఆరు నవంబరులో ఫ్లింట్‌లేన్ వాళ్లు సొంత ఊరు హాలిఫాక్స్‌లో కచేరీ పెట్టేనాటికి ట్రెవర్‌కీ ఆమెకీ పెళ్లయి ఎనిమిది నెలలు. ఆ రోజు బ్యాండులో రెండో గొంతు పాడేవాడికి జలుబు చేసి గొంతు పట్టేసింది. అతను లేకపోతే నెవిల్‌కి ఇష్టమైన మంద్రపు పాట ఒకటి నడవదు. స్టేజీ పక్కన టీ కప్పులు సర్దుతున్న డోరీన్ నెవిల్ కంట పడింది.

"ఏయ్ చర్చి పిల్లా, ఇలా రా. దేవుడికి పాడినట్టే పాడు, కాస్త ఏడుస్తూ పాడు, అంతే."

ఆమె నడుముకి కట్టుకున్న ఏప్రన్ విప్పడం కూడా మరిచిపోయి ఎక్కింది. ఆరు నిమిషాలు పాడింది. అంతసేపూ ట్రెవర్ మీటల మీద చెయ్యి కదపలేదు. అలా మరిచిపోవడం ఆయనకి అదే మొదలు, అదే ఆఖరు.

కానీ ఆ రోజు నెవిల్ తాగి ఉన్నాడు. రెండుసార్లు తీగ తెంపాడు, తాళం తప్పాడు. తెర వెనక కుర్చీని ఒక తన్ను తన్ని, "చెత్త! తుడిచెయ్ దాన్ని!" అని అరిచాడు. ట్రెవర్ పెన్సిలు కదిలింది.

మర్నాడు షెఫీల్డ్. వ్యాను ఆలస్యమైంది. హడావుడిలో ట్రెవర్ అడ్డగీతలున్న పెట్టెల్లో పైనున్నదాన్ని తీసి రీలు ఎక్కించాడు. మూడో పాటలో ఉండగా పెట్టె మూత మీద ఊరి పేరు చూశాడు. హాలిఫాక్స్. డోరీన్ పాట టేపులో ఇంకా నలభై నిమిషాల అవతల ఉంది. ఇప్పుడు ఆపితే అది మిగులుతుంది. చెయ్యి మీట మీదికి వెళ్లింది కూడా.

ఆ రోజు నెవిల్ వాయించినట్టు ముందెన్నడూ వాయించలేదు. ఆపి వేరే రీలు ఎక్కించాలంటే రెండు నిమిషాలు పోతుంది, ఆ రెండు నిమిషాలు మళ్లీ రావు. ఈ పాట అయ్యాక మారుద్దాం అనుకున్నాడు ట్రెవర్. నెవిల్ ఆగలేదు, ఒక పాటలోంచి ఇంకో పాటలోకి వెళ్లిపోయాడు. తరవాతిది అయ్యాక అనుకున్నాడు. అలా అనుకుంటూ అనుకుంటూనే నలభై నిమిషాలూ గడిచాయి. చూస్తూ చూస్తూ తుడిచేశాడు, ఇందులో ఇంకో మాటకి చోటు లేదు.

ఇంటికొచ్చాక డోరీన్ అడిగింది. "నా రీలు ఏదీ?"

"లండన్ రికార్డుల కంపెనీ వాళ్లు పట్టుకెళ్లారు. భద్రంగా ఉంటుందిలే."

ఆ అబద్ధాన్ని కాపాడుకోవడానికి పెట్టె మీద హాలిఫాక్స్ అన్న పేరు అలాగే ఉంచాడు. దాని మీద ఎక్కించిన సంగతి బయటపడకుండా, షెఫీల్డ్‌లో యంత్రం చెడిపోయిందని నెవిల్‌తో చెప్పాడు. తన జీవితంలో అంత బాగా వాయించింది ఆ ఒక్క రోజే అని నెవిల్‌కీ తెలుసు. "నా ప్రాణం తీశావురా" అని చచ్చేదాకా ట్రెవర్‌ని తిడుతూనే ఉన్నాడు. ట్రెవర్ తల వంచుకుని పడ్డాడు. బ్యాండు విడిపోయినప్పుడు రీళ్లన్నీ నిజంగానే లండన్ వెళ్లిపోయాయి.

డోరీన్‌కి అది సరదా అయిపోయింది. రొట్టెల కొట్లో వరసలో నిలబడి, "నా గొంతు లండన్‌లో ఉందమ్మా, రాణిగారి నగలకున్నంత కాపలా" అనేది. అందరూ నవ్వేవారు. ట్రెవర్ పక్కనుంటే రొట్టెల వైపు చూసేవాడు.

రెండేళ్ల కిందట ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడం చేత్తో పలక మీద వంకరటింకరగా రాసి చూపించేది. ఒకరోజు రాసింది: నా రీలు తెప్పించు, వినాలనుంది.

"ఉత్తరం రాస్తాను" అన్నాడు. రాయలేదు. తరవాత అడిగితే, "రాశాను, జవాబు రాలేదు" అన్నాడు. ఆ రోజు నుంచీ పొద్దున్నే టపా పడిన చప్పుడు కాగానే ఆవిడ గుమ్మం వైపు తల తిప్పేది. ట్రెవర్ వెళ్లి ఏరుకొచ్చి, "కరెంటు బిల్లు" అనో, "ఏవో ప్రకటనలు" అనో చెప్పేవాడు. ఫిబ్రవరిలో ఆవిడ పోయింది.

కూతురు గిలియన్ ఆసుపత్రిలో నర్సు. అంత్యక్రియలయ్యాక అమ్మ గొంతు కోసం పాత ఫోన్లన్నీ వెతికింది. ఎక్కడా లేదు. చివరికి కంపెనీకి తనే ఉత్తరం రాసింది. వారంలో జవాబు వచ్చింది. ఫ్లింట్‌లేన్ పాత కచేరీలు బయటికి తెస్తున్నాం, హాలిఫాక్స్ రీలు ఉంది, ఏది ఏ ఊరో గుర్తుపట్టడానికి మీ నాన్నగారిని తీసుకురండి అని.

"వారంలో వచ్చింది నాన్నా! మరి నీకెందుకు రాయలేదు వాళ్లు?" అంది కారు నడుపుతూ.

"ఏమో. ఎవరి చేతిలో పడిందో."

దారి పొడుగునా చెప్పేద్దామనుకున్నాడు. అనుకుంటుండగానే బ్రాడ్‌ఫర్డ్ వచ్చేసింది.

కంపెనీ కోసం టేపుల పని చేసే నదీమ్‌ది ఆ ఊరే, రీళ్లు అతని దగ్గరికే వచ్చాయి. గడ్డం నెరుస్తోంది. పాత ఉన్ని గోదాములో అతని స్టూడియో. బల్ల మీద పళ్లు ఎండబెట్టే పెట్టె ఒకటి సన్నగా గుయ్‌మంటోంది.

"మా ఆవిడ ఆపిల్ ముక్కలు ఎండబెడదామని కొంది అంకుల్. నాలుగేళ్లలో ఒక్క ముక్క ఎండలేదు, అన్నీ టేపులే" అన్నాడు. పాత టేపుల జిగురు చెమ్మగిల్లి అంటుకుపోతుంది. ఎనిమిది గంటలు సన్నని వేడిలో ఉంచితే ఒకసారి పలుకుతుంది, రెండోసారి పలుకుతుందన్న నమ్మకం లేదు. "అందుకే ఒకసారి మొదలుపెట్టానంటే టేపు చివరి తోక బయటికి వచ్చేదాకా ఆపను."

టేపు తిరిగింది. జనం కేకలు. ఆ వెంటనే నెవిల్ గొంతు: "ఏం షెఫీల్డ్, ఇంకా మేలుకునే ఉన్నారా?"

నదీమ్ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని లేచాడు. "షెఫీల్డా! అంకుల్, ఇది లేదన్నారు కదా! నలభై ఏళ్లుగా జనం దీని కోసం వెతుకుతున్నారు!"

గిలియన్ తండ్రి వైపు తిరిగింది. "షెఫీల్డ్ అంటాడేంటి నాన్నా? అమ్మ పాడింది మన ఊళ్లో కదా?"

"పెట్టె మారిపోయి ఉంటుంది."

"అయితే అమ్మది ఇంకో పెట్టెలో ఉంటుందా?"

"ఉండొచ్చు" అన్నాడు ట్రెవర్. ఆవిడ చనిపోయాక కూడా అబద్ధం ఆడుతున్నానని తన మీద తనకే అసహ్యం వేసింది.

గంటన్నర నెవిల్ వాయించాడు. నదీమ్ కళ్లు తుడుచుకుంటూ విన్నాడు. గిలియన్ సంచి ఒళ్లో పెట్టుకుని, బస్సు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. ఆఖరికి కుర్ర ట్రెవర్ గొంతు: "షెఫీల్డ్, నవంబరు పన్నెండు." టక్కుమని చప్పుడు.

"అయిపోయింది. ఆపెయ్యి బాబూ" అన్నాడు ముసలి ట్రెవర్.

"తోక రానివ్వండి అంకుల్."

షెఫీల్డ్‌కి ముందురోజు హాలిఫాక్స్‌లో కచేరీ ఇంతకన్నా కాస్త ఎక్కువసేపు సాగింది. ఆ మిగులు టేపు చివర అలాగే ఉండిపోయింది. కుర్చీలు జరుపుతున్న చప్పుడు. మళ్లీ అదే గొంతు: "హాలిఫాక్స్, నవంబరు పదకొ..."

"జరుగు జరుగు. దీన్లోకేనా మాట్లాడేది? ఏయ్, నా పాట ఎక్కిందా?"

గిలియన్ చేతిలో సంచి జారి కింద పడింది.

"ఎక్కింది."

"ఆ నెవిల్ మొహం చూశావా, గంజి తాగినట్టుంది. తుడిచెయ్యమంటాడు చూడు."

"వాడెవడు చెప్పడానికి? నేను బతికుండగా ఈ రీలు మీద ఇంకో శబ్దం ఎక్కదు. సరేనా?"

డోరీన్ నవ్వింది. గట్టిగా, గొంతంతా విప్పి నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే టేపు అయిపోయి, తోక చక్రానికి కొట్టుకుంటూ తిరిగింది.

గిలియన్ నర్సు, విషయం అర్థం కావడానికి ఆమెకి ఎక్కువసేపు పట్టదు.

"పెట్టె మారలేదు కదూ?"

"లేదు."

"దీని మీదే ఎక్కించావు."

"చూస్తూనే ఎక్కించాను తల్లీ. ఆపగలిగేవాణ్ని. ఆపలేదు."

"ఉత్తరం?"

"రాయలేదు."

"టపా చప్పుడైతే చాలు, అమ్మ గుమ్మం వైపు చూసేది నాన్నా" అంది గిలియన్. గట్టిగా కూడా అనలేదు.

ట్రెవర్ నదీమ్ వైపు తిరిగాడు. "బాబూ, ఆ చివరి ముక్క పిల్లకి ఇవ్వు. నా మాటలు కోసేసి ఇవ్వు. ఆవిడ గొంతు ఒక్కటే ఉంచు. నాది వినడానికి పనికిరాదు."

"వద్దు" అంది గిలియన్. "కొయ్యొద్దు. ఆ మాట విని నవ్వింది అమ్మ. అది తీసేస్తే, ఎందుకు నవ్విందో ఎవరికి తెలుస్తుంది?"

నదీమ్ ఎవరి మొహమూ చూడకుండా, తన యంత్రంలోకి ఎక్కిన ఆ చివరి ముక్కని మళ్లీ మొదటి నుంచి పెట్టాడు.