సింగపూర్‌కి వచ్చిన చావు కబురు

వేసవి సెలవులకి సింగపూర్‌లో మా అక్కయ్య ఇంటికి ఒక్కదాన్నే వెళ్లాను. మా ఆయనకి బ్యాంకులో సెలవు దొరకలేదు. ఇంకా వారం ఉందనగా, ఒక పొద్దున్న బావగారు టెలిగ్రాం పట్టుకొచ్చి, నా ముఖం చూడకుండా అన్నారు. "అమ్మాయ్, విజయవాడ నుంచి వచ్చింది. మీ ఆయన పోయారట."

ఎలా పోయారో లేదు. వంకాయ కూర తనే వండుకున్నానని గొప్పలు పోతూ రాసిన ఉత్తరం మొన్ననే అందింది. ఆ మనిషి పోవడమేమిటి?

అక్కయ్య భోరుమంది. నాకు కన్నీటి చుక్క రాలేదు. బావగారు ఆ మధ్యాహ్నమే మద్రాసు విమానానికి టికెట్ సంపాదించి, నేను వస్తున్నట్టు ఇంటికి టెలిగ్రాం ఇచ్చారు.

విమానంలో భోజనం పెట్టారు. శుభ్రంగా తిన్నాను. తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది. పక్క సీటావిడ "షాపింగ్ బాగా చేశారాండీ?" అంటే "చేశానండీ" అన్నాను. ఆయనకి కొన్న టెరిలిన్ చొక్కా ఒళ్లోనే ఉంది. ఇప్పుడిది ఎవరికివ్వాలి, మరిదికి పొట్టవుతుందేమో అని ఆలోచిస్తున్నాను. మతిపోవడమంటే అదే కాబోలు. మర్నాడు మద్రాసులో చిన్న విమానం ఎక్కాను. కిందికి చూస్తే కృష్ణ అంతా ఇసకే.

గన్నవరంలో ఎండ మాడ్చేస్తోంది. బయట మా అత్తగారు నిలబడి ఉన్నారు. ఆవిడకి గొడుగు పట్టి, పక్కన ఆయన!

నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"వీణ్ణి కాకి తన్నిందమ్మా," అన్నారు అత్తగారు. "డాబా మీద వడియాలకి కాపలా కూర్చుంటే, నడినెత్తిన తన్నిపోయింది."

కాకి తంతే ఆ మనిషికి గండమని మావాళ్ల నమ్మకం. పోయాడని అయినవాళ్లకి అబద్ధపు కబురు పంపుతారు. వాళ్లు నిజమనుకుని ఏడిస్తే ఆ ఏడుపుతో గండం పోతుందట. తరవాత అసలు సంగతి చెబుతారు. ఇదంతా చిన్నప్పటినుంచీ ఎరుగుదును. కానీ సముద్రాలు దాటించి పంపుతారా!

"గుడివాడలో మన చుట్టాలకి పంపకపోయారా?" అని అరిచాను.

"వాళ్లకి కాకి సంగతి ముందే తెలిసిపోయింది. నమ్మి ఏడ్చేదానివి నువ్వేగా? నువ్వు వచ్చేస్తున్నావని తెలియగానే మళ్లీ టెలిగ్రాం ఇచ్చాం. అప్పటికే బయల్దేరిపోయావు."

"నాకు చెప్పకుండా పంపింది అమ్మ," అని ఆయన గొణిగారు.

నేను బళ్లో సైన్సు చెప్పేదాన్ని. ఆ క్షణంలో ఇద్దర్నీ కడిగేద్దునే. అంతలో అత్తగారు నా రెండు చేతులూ పట్టుకున్నారు.

"తరవాత తిడుదువుగాని తల్లీ. ముందిది చెప్పు. ఏడ్చావా?"

ఏడవలేదు. అన్నం తిన్నాను, కబుర్లు చెప్పాను, చొక్కా ఎవరికివ్వాలా అని చూశాను. ఆయన ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటున్నారు. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది.

అక్కడే, అంత జనంలో, పెట్టె మీద కూలబడి, బతికున్న మొగుడి ముందు శోకాలు పెట్టి ఏడ్చాను. "పోయిందమ్మా, ఇక పోయింది," అంటూ అత్తగారు వీపు నిమిరారు. నిజం తెలిశాక ఏడిస్తే చెల్లుతుందా అని మాత్రం ఆవిణ్ణి అడగలేకపోయాను.