అడ్జస్ట్ అనే మాటా, నేను కుట్టిన చేతులూ

పెళ్లయి కన్నడం మాట్లాడే యలహంకకు వచ్చిన ఆ రోజుల్లో నాకు తెలిసిన ఇంగ్లీషంతా ఒక్కటే మాట, అడ్జస్ట్. బస్సులో ముగ్గురున్న సీటు పక్కన నిలబడి "స్వల్ప అడ్జస్ట్ మాడి" అని కాస్త సర్దుకోమంటే చాలు, నాలుగో మనిషికి చోటు వచ్చేసేది. కొళాయి దగ్గర అంటే నా బిందె ముందుకు జరిగేది. చర్చికి ఆలస్యంగా వెళ్లి అంటే పాట ఆపకుండానే జరిగి కూర్చునేవాళ్లు. (కూరలో ఉప్పు తక్కువైతే మా ఆయనతోనూ అదే అనేదాన్ని. మనవరాలు ఇది రాస్తూ నవ్వుతోంది, నవ్వనీ.) బడి మొహం సరిగా చూడని నాకు అదే పెద్ద చదువనిపించేది.

ఆ ధైర్యంతోనే గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చేరాను. వారం చూస్తాం, కుట్టు బాగుంటే టైలరువి, లేకపోతే ఇంటికే అన్నారు. మా ఆయన పనిచేసే షెడ్డు అప్పుడే మూతపడింది, ఇక నా కుట్టు మీదే ఇల్లు నడవాలి. అక్కడ కత్తిరించిన ముక్కలకు నంబర్లు వేసి బండిళ్లు కట్టి ఇస్తారు. ఏ బండిల్ చేతులు ఆ బండిల్ చొక్కాలకే కుట్టాలి. ఆరో రోజు రెండు బండిళ్లు నా ఒళ్లోంచి జారి కలిసిపోయాయి. కొలత ఒకటే కదా అని దొరికిన చెయ్యి దొరికినట్టు ఇరవై చొక్కాలకు కుట్టేశాను.

సూపర్‌వైజరక్క ఒక చొక్కాను కిటికీ వెలుగులో పట్టుకుంది. "ఏమ్మే, ఒక చెయ్యి ఆకాశం మాదిరి ఉండాది, ఇంకోటి ఉతికేసిన ఆకాశం మాదిరి ఉండాది! తానుకో రంగు ఉంటాదని తెలీదా?"

నాకున్న ఒకే విద్య బయటికి తీశాను. "స్వల్ప అడ్జస్ట్ మాడి, మేడం."

"ఎవురు చేసుకోవాల? తొడుక్కునేటోడు ఒక చెయ్యి జేబులో పెట్టుకోని తిరగాల్నా?"

మిషన్ల లైనంతా గొల్లున నవ్వింది. ఊటం బిడువు, అదే అన్నాల విరామం, అయ్యేలోగా ఇరవై చొక్కాలూ సరిచేయకపోతే రేపటినుంచి రావద్దని చెప్పి ఆమె వెళ్లిపోయింది. నేను ముక్కు చీదుకుంటూ కుట్లు విప్పుతుంటే, ఇందాక నవ్వినవాళ్లలోనే నలుగురు అన్నం డబ్బాలు మూసేసి, స్టూళ్లు లాక్కుంటూ వచ్చారు. ఇంకా ఏడిపించడానికే అనుకుని తల వంచుకున్నాను. "ఏడ్చింది చాల్లేప్పా, ఆ బ్లేడు ఇట్లియ్యి," అంది ఒకామె. గంట కొట్టేసరికి ఇరవై చొక్కాలకూ దేని చేతులు దానికి వచ్చాయి, నాకు ఉద్యోగం దక్కింది.

మొన్న మా చర్చిలోని ఇంగ్లీషు టీచరమ్మను అడిగితే నిఘంటువు తిరగేసి చెప్పింది. ఆ మాట ఎక్కడో పరాయి దేశాల్లో పుట్టిందట, మొదట దానికి దగ్గరికి చేర్చడమనే అర్థమట, సరిచేయడం తరవాత వచ్చిందట. విని నాలో నేనే నవ్వుకున్నాను. ఊరందరినీ జరగమన్న ఆ పిల్ల, నలుగురు తమంతట తాము దగ్గరికి జరిగిన రోజున భయపడి కూర్చుంది, పాపం. వాళ్ల చేతులు ఇప్పటికీ గుర్తే. మొహాలే గుర్తులేవు, తలెత్తి చూస్తే కదా!