వేడి ఎక్కడ ఆగింది

మెట్ల కింద ఆరడుగుల కొట్టు ఆమెది. ఇరవై రెండేళ్ల కిందట సీలింగ్ ఫ్యాన్లకు వైండింగు చుట్టడంతో మొదలుపెట్టింది కాబట్టి ఫ్యానక్క అయింది. ఇప్పుడు కొట్టునిండా ల్యాప్‌టాప్‌లే అయినా పేరు మాత్రం అదే. స్క్రూ జారిపడితే చప్పుడును బట్టి ఎక్కడుందో చెప్పగలదు. నలభై ఆరు దాటినా కళ్లజోడు మాటెత్తనివ్వదు.

"నా కళ్లు వేళ్లకొసల్లో ఉన్నాయి" అంటుంది.

"అయితే ఆ వేళ్లకే చేయించవే జోడు" అంటాడు ఎదురు కొట్టు వాచీల బాబాయి, కంటికి బిగించిన భూతద్దం తీయకుండానే.

ఆ మధ్యాహ్నం మూడుకు పావుగంట ఉందనగా ఆమె తమ్ముడు వచ్చాడు. గేముల కోసం చేసిన బరువైన ల్యాప్‌టాప్‌ను చంటిపిల్లను మోసినట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు. గేములాడే తీరిక అతనికి లేదు. ప్రకటనలకు కదిలే బొమ్మలు చేస్తాడు, ఆ బరువు ఇలాంటి యంత్రమే మోయగలదు. కొత్త ఆఫీసులో పనితీరు చూసే మూడు నెలల గడువుకు అదే చివరి రోజు.

"నిన్న నువ్వు బాగుచేశాక రాత్రంతా బాగానే ఉందక్కా. అప్పుడు మెయిళ్లు రాసుకున్నానంతే. ఇవాళ అసలు పని మొదలెట్టగానే పది నిమిషాలకోసారి ఆరిపోతోంది."

"ఎంత మిగిలింది?"

"రెండు వందల పది ఫ్రేములు. ఒక్కో బొమ్మ తయారవడానికి ఇరవై సెకన్లు. అయిదింటికల్లా పంపాలి."

ఆమె లెక్కకట్టింది. డెబ్బై నిమిషాలు. నాలుగు కావడానికి పావుగంట ముందైనా మొదలుపెట్టకపోతే అంతే సంగతులు.

వెనక మూత విప్పింది. దుమ్ము లేదు. ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయి. వేడిని లాగేసే రాగి గొట్టాలున్న పలకను ఎత్తి, చిప్ మీది పేస్టు తుడిచి కొత్తది పూసింది. పని మళ్లీ నడిపించారు. తెర మీద గ్రాఫిక్స్ చిప్ వేడి డెబ్బై రెండు డిగ్రీలు చూపిస్తోంది, భయపడాల్సిన అంకె కాదు. తమ్ముడు గోళ్లు కొరుకుతున్నాడు. తొమ్మిదో నిమిషంలో తెర నల్లబడింది.

మూడుంబావు.

"బోర్డు పోయిందేమోలే అక్కా" అన్నాడు తమ్ముడు మెల్లగా. "మా సార్‌కి ఫోన్ చేసి చెప్పేస్తా. పాత యంత్రమేగా, నీ తప్పేముంది."

బోర్డు పోయింది. ఈ వీధిలో ఎవరూ ఎదురు ప్రశ్న వేయని మాట అది. ఊఁ అంటే ఆమె పేరుకు మచ్చ రాదు. తమ్ముడి ఉద్యోగం మాత్రం పోతుంది.

"ఫోన్ జేబులో పెట్టు" అంది.

మళ్లీ పలక ఎత్తింది. చిప్ చుట్టూ ఉన్న చిన్న మెమరీ ముక్కల మీద వేలు ఆనించి చటుక్కున తీసేసింది. పెనం మీద పెట్టినట్టుంది. వాటి వేడిని పలకకు అందించాల్సిన మెత్తటి ప్యాడ్లను తాకింది. గోరువెచ్చగా కూడా లేవు. తెర మీది అంకె పెద్ద చిప్‌ది, ఈ ముక్కల వేడి దానికి తెలియదు. కింద పొయ్యి మండుతోంది, పైన గిన్నె చల్లగా ఉంది. మధ్యలో ఏదో అడ్డుపడింది. ఆ ప్యాడ్లు నిన్న ఆమె చేత్తో వేసినవే.

వెలుగులోకి వంచి చూసింది. ఏమీ కనిపించలేదు.

"బాబాయ్, నీ అద్దం ఇలా ఇవ్వు."

వాచీల బాబాయి నోటిదాకా వచ్చిన మాటను, ఆమె మొహం చూసి మింగేశాడు. అద్దం అందించాడు.

ప్యాడ్ అంచున సన్నటి మెరుపు. అంటించే ముందు రెండు వైపులా ఒలవాల్సిన ప్లాస్టిక్ పొర ఒక వైపు అలాగే ఉండిపోయింది. నీళ్లలా తేటగా, వేలికి నున్నగా ఉంది. ప్యాడే నున్నగా ఉందనుకుంది నిన్న.

"నేనే" అంది. "పొర తీయలేదు."

తమ్ముడు గడియారం వంక చూశాడు. తిట్టినా బావుండుననిపించింది ఆమెకు. ఎనిమిది ప్యాడ్లు, ఎనిమిది పొరలు. పట్టుకారుతో ఒక్కొక్కటే ఒలిచి, పలక బిగించి, యంత్రం వెనకభాగాన్ని రెండు సీసామూతల మీద ఎత్తిపెట్టి, ఎదురుగా టేబుల్ ఫ్యాన్ తిప్పింది. అప్పుడు మూడున్నర దాటి ఆరు నిమిషాలు.

తొమ్మిదో నిమిషం వచ్చింది. ముగ్గురూ తెర మీదికి వంగారు. పది. పదకొండు.

"ఇక కూర్చో, నిలబడితే తొందరగా అవుతుందా" అన్నాడు బాబాయి.

అయిదుకు పది నిమిషాలుందనగా చివరి ఫ్రేము పూర్తయింది. తమ్ముడు ఫైలు పంపి, చేరిందన్న జవాబు చూశాకే గోడకు జారగిలబడ్డాడు.

"ఆఖరి నిమిషం దాకా ఎందుకు లాగావని అడిగితే ఏం చెప్పను?"

"మా అక్కకి కళ్లు ఆనడం లేదని చెప్పు."

ఆమె అప్పటికే పనుల పుస్తకం తెరిచి, అద్దం కంటికి ఆనించుకుని పేర్లు వెతుకుతోంది. ఆ నెలలో ప్యాడ్లు మార్చినవి ఇంకా నాలుగున్నాయి. మొదటి నంబరుకు ఫోన్ కలిపింది.

"మీ ల్యాప్‌టాప్ ఒకసారి తీసుకురండి. లేదండీ, మీరేం చేయలేదు. నేనే చూడాలి."